సునామీ వేళ ధమ్మం మనల్ని ఏం చేయమంటుంది?

2004 డిసెంబర్ 26. ఆదివారం, పున్నమి రోజు. శ్రీలంక బౌద్ధులు ఆ పున్నమిని ఉందువప్ పోయ అంటారు. అశోక చక్రవర్తి కూతురు సంఘమిత్ర థేరి బోధివృక్షపు కొమ్మతో లంకలో అడుగుపెట్టిన రోజుగా దాన్ని జరుపుకుంటారు. ఆ ఉదయం అక్కడి ఉపాసకులు తెల్లబట్టలు కట్టుకుని, శీలాలు తీసుకోవడానికి పిల్లాపాపలతో విహారాలకు బయలుదేరారు. మన దగ్గర కూడా పున్నమి స్నానానికని జనం సముద్రతీరాలకు వెళ్లారు.

మన గడియారాల్లో ఉదయం ఆరున్నర కావస్తుండగా ఇండోనేషియాలోని సుమత్రా దీవి పక్కన, సముద్రం అడుగున భూమి కదిలింది. 9.1 తీవ్రత. వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడవున సముద్రగర్భం చీలి పైకి లేచింది. ఆ కుదుపుకు లేచిన నీళ్లు నడిసముద్రంలో విమానమంత వేగంతో పరుగెత్తాయి. రెండు గంటలు దాటేసరికి తమిళనాడు తీరాన్ని, లంక తీరాన్ని ముంచేశాయి. 14 దేశాల్లో సుమారు 2 లక్షల 30 వేల మంది చనిపోయారు. ఇండోనేషియాలో లక్షా 60 వేలకు పైగా, శ్రీలంకలో 30 వేలకు పైగా, మన దేశంలో 10 వేలకు పైగా పోయారు. ఒక్క నాగపట్టణం జిల్లాలోనే ఆరు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. మన తెలుగు తీరంలోనూ వంద మందికి పైగా సముద్రం తీసుకుపోయింది.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకు అంటారా? భూమి మళ్లీ కదులుతుంది, సముద్రం మళ్లీ లేస్తుంది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని "అయ్యో పాపం" అనడమేనా, లేక ధమ్మం తెలిసినవాళ్లుగా చేయాల్సిన పని ఏదైనా ఉందా? ఆ జవాబును ఆపద రాకముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదు కదా.

పాపం పండిందా?

పెద్ద ఆపద వచ్చినప్పుడల్లా ముందు వినిపించే మాట ఒకటుంది: "వాళ్ల పాపం పండింది", "పూర్వజన్మ కర్మ", "దేవుడికి కోపమొచ్చింది." అప్పుడూ అన్నారు. మరి ఆ పున్నమి నాడు శీలాలు తీసుకోవడానికి బయలుదేరిన తల్లి ఏ పాపం చేసింది? ఆమె చంకలోని బిడ్డ ఏ పాపం చేసింది?

రాజగృహంలోని వేణువనంలో మోలియ శివకుడు అనే పరివ్రాజకుడు తథాగతుడిని ఇదే అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసిన కర్మ వల్లేనని కొందరు చెబుతున్నారు, మీరేమంటారని. బుద్ధుడు ఒప్పుకోలేదు. శరీరంలో పిత్తం, శ్లేష్మం, వాతం చెడితే బాధలొస్తాయి, రుతువుల మార్పు వల్ల వస్తాయి, అజాగ్రత్త వల్ల వస్తాయి, దెబ్బలు తగిలితే వస్తాయి అని వరసగా ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మఫలం ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే. అన్నిటినీ కర్మ మీదకు నెట్టేవాళ్లు తాము కళ్లారా చూస్తున్నదాన్నీ లోకమంతా ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని తేల్చి చెప్పాడు. ఇది సంయుత్త నికాయంలో ఉంది.

మనకు బాగా నచ్చే అబద్ధం కూడా ఒకటుంది. దాని దగ్గరా జాగ్రత్తగా ఉండాలి. 1934 జనవరి 15న బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అన్నారు గాంధీ. ఆ మాట మనవైపు మాటే అనిపిస్తుంది. కానీ రవీంద్రనాథ్ ఠాగూర్ ఒప్పుకోలేదు, ప్రకృతిలో జరిగేదానికి ఇలాంటి కారణాలు అంటగట్టడం హేతువుకు నిలవదన్నారు. ఆలోచించండి. ఆ భూకంపంలో గోడల కింద పడి చచ్చినవాళ్లలో అంటరానివాళ్లు లేరా? అంటరానితనం పాపమే, దాన్ని చట్టంతో, పోరాటంతో, ధమ్మంతో పోగొట్టాలి. భూకంపాన్ని దానికి సాక్ష్యంగా పిలిస్తే, మనల్ని అణగదొక్కిన కర్మ సిద్ధాంతానికే మళ్లీ పీట వేసినవాళ్లమవుతాం. మన పుట్టుకకు కర్మే కారణమని వేల ఏళ్లు చెప్పారు. ఆ మాటను ఇంకొకరి చావు మీద మనం వాడకూడదు.

సునామీకి కారణం ఉంది. భూమి పైపొర పలకలు పలకలుగా ఉంటుంది, ఒక పలక ఇంకోదాని కిందకు నూకుతూ నూకుతూ ఒకనాడు జారుతుంది. ఇది ఉన్నందున అది కలిగింది అనే చూపు మనది. పటిచ్చ సముప్పాదం నేర్పేది అదే. కారణం తెలిస్తే ప్రాణాలు కాపాడుకోవచ్చు. సుమత్రా పక్కనే సిములు అనే దీవి ఉంది. భూకంప కేంద్రానికి అతి దగ్గరి ఊళ్లలో అదొకటి. అక్కడ 1907లో ఒకసారి ఇలాగే సముద్రం లేచింది. ఆనాటి నుంచి అమ్మమ్మలు పిల్లలకు చెబుతూ వచ్చారు: నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే, ఏదీ చూడకుండా గుట్ట ఎక్కండి అని. 2004లో సుమారు 78 వేల మంది ఉన్న ఆ దీవిలో చనిపోయింది ఏడుగురు. నాగపట్టణంలో సముద్రం వెనక్కి పోతే చేపలు ఏరుకోవచ్చని, వింత చూద్దామని ముందుకు వెళ్లినవాళ్లున్నారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆనాడు హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక కేంద్రమే లేదు. ఇప్పుడు ఉంది, అదీ మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుంచి పనిచేస్తోంది. ప్రజ్ఞ కూడా దానమే. తీరంలోని మన పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పడం ధమ్మదానం.

"మాకెవరిచ్చారు?"

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మన పేటల్లో చందా డబ్బా పట్టుకుని వెళ్తే ఎదురయ్యే మాట: "ఏమయ్యా, మన గుడిసెలు తగలబడినప్పుడు ఎవరొచ్చారు? మనకు ఎవరు పెట్టారని మనం పెట్టాలి?"

ఈ మాటను కొట్టిపారేయకండి. దాంట్లో నిజం ఉంది. నాగపట్టణంలో ఏం జరిగిందో చూడండి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మత్స్యకారులు. వాళ్లలోనూ వేటకు వెళ్లిన మగవాళ్లు వచ్చే దాకా చేపల కోసం ఒడ్డున ఎదురుచూస్తున్న ఆడవాళ్లు, పిల్లలు. ఆ దుఃఖం సామాన్యమైంది కాదు. కానీ అదే తీరంలో దళితులూ ఉన్నారు. కొన్ని శిబిరాల్లో దళితులతో కలిసి ఉండటానికి మిగతావాళ్లు ఒప్పుకోలేదు. కొన్నిచోట్ల తాగునీటి ట్యాంకు ముట్టుకోనివ్వలేదు. సాయం తెచ్చిన లారీలు ఊరి దగ్గరే ఖాళీ అయ్యాయి, పేట దాకా రాలేదు. పడవ పోయినవాడికి పడవ లెక్క ఉంది, పట్టా ఉన్నవాడికి పొలం లెక్క ఉంది. ఉప్పునీళ్లు నిలిచి పాడైన పొలాల్లో కూలి చేసుకు బతికేవాళ్లకు ఏ కాగితం ఉంది? ఏడాది కూలి పోయిందని ఏ రిజిస్టర్‌లో రాస్తారు? ఇంకోపక్క, కుళ్లిపోతున్న శవాలను ఎత్తడానికి వేరే ఊళ్ల నుంచి పారిశుధ్య కార్మికులను తెచ్చారు. వాళ్లు ఎవరో మీకు చెప్పక్కర్లేదు. చాలామందికి చేతికి తొడుగులు లేవు, మూతికి గుడ్డ లేదు. ఆనాడు పాత్రికేయులూ మానవ హక్కుల సంఘాలూ ఇవన్నీ నమోదు చేశాయి.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అయినా 2004లో, సముద్రం అందర్నీ ఒక్క తీరుగా ముంచిన మర్నాడు, మంచినీళ్ల ట్యాంకు దగ్గర కులం నిలబడింది.

మరి ఇంత జరిగాక మనమెందుకు ఇవ్వాలి?

వినయ పిటకంలోని ఒక ఘటన దీనికి జవాబు చెబుతుంది. ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకుని, తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. విహారాల గదులు చూస్తూ వచ్చిన బుద్ధుడు అతణ్ణి చూశాడు. నిన్నెవరూ చూసుకోవడం లేదా అని అడిగాడు. లేదన్నాడు. ఎందుకని అడిగితే, నేను తోటి భిక్షువులకు ఏ పనీ చేసిపెట్టలేదు, అందుకే చూడటం లేదు అన్నాడు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మన్నాడు. తథాగతుడు నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి అడిగితే వాళ్లూ అదే మాట చెప్పారు: అతను మాకు ఏమీ చేయలేదు.

మన పేటలో వినిపించే మాట ఇదే కదా!

బుద్ధుడు వాళ్లతో వాదన పెట్టుకోలేదు. మిమ్మల్ని చూసుకోవడానికి తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారన్నాడు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలన్నాడు. ఆ రోగి మంచివాడా, ఇదివరకు మనకు ఉపకారం చేశాడా అనే లెక్క అక్కడ లేదు. "వాడు నాకిస్తే నేను వాడికిస్తా" అనేది అంగడి లెక్క. మన తాతముత్తాతలను ఊరి బయట ఉంచింది కూడా ఇలాంటి లెక్కే: వీడు మనవాడు, వాడు కాడు. ఆ లెక్క వదిలేసే కదా మనం ఇటు వచ్చాం! నాగపూర్‌లో 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల మీద దయ చూపుతానని, వాటిని కాపాడతానని ఉంది. మనుషులంతా సమానమని నమ్ముతానని కూడా ఉంది. ఈ రెండూ జంటగా ఉన్నాయి, ఒకటి తీసి ఒకటి ఉంచుకోలేం.

కాబట్టి జవాబు ఇది. ఇవ్వాలి, అందరికీ ఇవ్వాలి, మనల్ని ట్యాంకు దగ్గర నిలువరించినవాడి బిడ్డకూ ఇవ్వాలి. ఇస్తూనే ఆ ట్యాంకు దగ్గర నిలబడి, నీళ్లు అందరివీ అని గట్టిగా చెప్పాలి. కరుణ ఉందని సమానత్వాన్ని వదులుకోనక్కర్లేదు, హక్కు అడుగుతున్నామని కరుణ తగ్గించుకోనక్కర్లేదు. తెలుగులో ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం అనే అర్థం స్థిరపడిపోయింది. ధమ్మంలో ఉపేక్ఖ అంటే పక్షపాతం లేని చూపు. సాయం పంచే చేతికి కావాల్సింది ఆ చూపే.

చీవరం కట్టుకున్నంత మాత్రాన ఆ చూపు వచ్చేయదు. సునామీ వచ్చిన వారాల్లో లంకలోని ఎన్నో బౌద్ధ విహారాలు సింహళులు, తమిళులు, ముస్లింలు అని చూడకుండా తలుపులు తెరిచి అన్నం పెట్టాయి. థాయ్‌లాండ్‌లోని టకువాపా దగ్గర వాట్ యాన్ యావ్ అనే విహారం ప్రాంగణమంతా శవాలను గుర్తుపట్టే చోటుగా మారింది. ఏ దేశస్థుడైనా, ఏ మతస్థుడైనా చివరి గౌరవం అక్కడ దొరికింది. అది ధమ్మం. కానీ 2005 జూన్‌లో శ్రీలంక ప్రభుత్వం, తమిళ పులులు కలిసి తీరప్రాంతాల్లో సాయం పంచాలని ఒప్పందం చేసుకుంటే, గట్టిగా అడ్డుపడినవాళ్లలో బౌద్ధ భిక్షువులూ ఉన్నారు. తర్వాత సుప్రీంకోర్టు అందులో ముఖ్యమైన భాగాలను నిలిపేసింది. ఒప్పందం అమలు కాలేదు. అక్కడ విహారం తలుపు తెరిచింది, రాజకీయం మూసింది. మనం ఏది నేర్చుకోవాలో మీకే తెలుసు.

ఎలా ఇవ్వాలి?

అంగుత్తర నికాయంలో తథాగతుడు సత్పురుషుడి దానానికి ఐదు గుణాలు చెప్పాడు. సునామీ సాయం దగ్గర పెట్టి చూస్తే అవి ఎంత పనికొచ్చే మాటలో తెలుస్తుంది.

ఒకటి, శ్రద్ధతో ఇవ్వడం. ఫోటో కోసం కాదు, బ్యానర్ కోసం కాదు. ఈ పని మంచిదని నమ్మి ఇవ్వడం. ఏడుస్తున్న మనిషి చేతిలో బియ్యం సంచి పెట్టి ఫోన్ వైపు చూడమనడం దానం కాదు.

రెండు, గౌరవంగా ఇవ్వడం. సునామీ తర్వాత నాగపట్టణం రోడ్ల పక్కన పాతబట్టల గుట్టలు పడి ఉన్నాయి. చిరిగినవి, మాసినవి. సర్వం పోయినా ఆ తల్లులు వాటిని ముట్టుకోలేదు. పాత చీర, మిగిలిన కూడు అంటే ఏమిటో మనకంటే ఎవరికి తెలుసు? మన అమ్మలు దొడ్డిగుమ్మం దగ్గర నిలబడి పుచ్చుకున్నవి అవే. మనం ఇచ్చేటప్పుడు మాత్రం మన ఇంట్లో కట్టుకోదగ్గదే ఇవ్వాలి.

మూడు, సమయానికి ఇవ్వడం. మొదటి వారం నీళ్లు, అన్నం, దుప్పటి, మందులు. నెల తర్వాత వంటపాత్రలు, పిల్లలకు పుస్తకాలు. ఆరు నెలలకు పని. టీవీ వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆకలి ఉంటుంది. చందా అంతా మొదటి రోజే పంపేయకుండా సగం దాచి, ఆరో నెలలో పంపండి.

నాలుగు, ముడుచుకోని మనసుతో ఇవ్వడం. లోపల గొణుక్కుంటూ, తిరిగి ఏదో ఆశిస్తూ ఇవ్వకూడదు. ఒక ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పాలి. సాయం చేస్తూ ధమ్మదీక్ష తీసుకోమని ఎవర్నీ అడగకండి. ఆకలితో ఉన్నవాడు పెట్టిన చేతికల్లా దండం పెడతాడు, అది శరణం కాదు. బాబాసాహెబ్ మతం మారతానని 1935లో ప్రకటించి, 21 ఏళ్లు చదివి, తర్కించి అప్పుడు దీక్ష తీసుకున్నారు. బియ్యం సంచికి ధమ్మాన్ని అమ్మితే ఆయన శ్రమను అవమానించినట్టే.

ఐదు, తనకూ ఇతరులకూ హాని లేకుండా ఇవ్వడం. అప్పు చేసి ఇవ్వకండి. పిల్లల ఫీజు ఆపి ఇవ్వకండి. అలాగే, ఒక పేటకు ఇచ్చి పక్క పేటను వదిలేసి ఇద్దరి మధ్య తగువు పెట్టకండి. శవాలు ఎత్తే కార్మికుడికి గ్లవుజులు, బూట్లు ఇవ్వకుండా పని చేయించడం కూడా హానే. సాయం పేరుతో ఇంకొకరి ప్రాణం తీయకూడదు.

దుఃఖంలో ఉన్నవాళ్లతో మాట్లాడేది ఎలా?

పటాచార కథ మీకు తెలుసు. గాలివాన రాత్రి పాము కరిచి భర్త పోయాడు. తెల్లారి పొంగుతున్న ఏరు దాటుతుంటే పసిగుడ్డును డేగ తన్నుకుపోయింది. దాన్ని తోలడానికి చేతులు ఊపితే, అమ్మ పిలుస్తోందనుకుని ఒడ్డున ఉన్న పెద్ద కొడుకు నీళ్లలోకి దిగి కొట్టుకుపోయాడు. పుట్టింటికి వెళ్తే ఆ గాలివానకే ఇల్లు కూలి అమ్మ, నాన్న, అన్న పోయారు. ఒంటి మీద గుడ్డ జారిపోయిందనే తెలివి కూడా లేక జేతవనానికి వచ్చింది. జనం పిచ్చిదాన్ని ఆపండన్నారు. బుద్ధుడు రానివ్వమన్నాడు. చెల్లీ అని పిలిచాడు. ఒకాయన తన పైబట్ట ఇచ్చాడు. ఆ తర్వాతే ధమ్మం చెప్పాడు.

ఈ వరస గుర్తుపెట్టుకోండి. ముందు దగ్గరకు రానివ్వడం, తర్వాత చుట్టరికపు పిలుపు, తర్వాత బట్ట, ఆ తర్వాత బోధ. నాగపట్టణంలో, లంకలో, ఆచేలో ఎంతమంది పటాచారలు! వాళ్ల దగ్గరకు వెళ్లి "అనిత్యం అమ్మా, అన్నీ అనిత్యం" అని మొదలుపెట్టకండి. వాళ్లు చెప్పేది వినండి. పక్కన కూర్చోండి. చాలు.

మన విహారం ఏం చేయాలి?

దివిసీమ ఉప్పెన, 1977 నవంబర్ 19, మన పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది. పది వేల మందికి పైగా పోయారు. దివిసీమలోనైనా, నాగపట్టణంలోనైనా కూలీల గుడిసెలే పల్లంలో ఉంటాయి, నీళ్లు ముందు వాటినే తీసుకుపోతాయి. అందుకే ఆపద కోసం కాచుకుని ఉండే అలవాటు మనకు రావాలి. చేయదగ్గ పనులు చెబుతాను, మీ విహారంలో కూర్చుని మాట్లాడుకోండి.

ప్రతి ఇంట్లో ఒక డబ్బా పెట్టండి. అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం అందులో వేయండి. పున్నమికి విహారానికి తెచ్చి కలపండి. నాగపూర్‌లో దీక్ష మర్నాడు బాబాసాహెబ్ ఆదాయంలో ఇరవయ్యో వంతు ధమ్మకార్యానికి ఇవ్వమన్నారు. అందులో కొంత ఆపద నిధిగా వేరే ఖాతాలో పెట్టి, లెక్క గోడ మీద రాయండి. ఒక్క రూపాయి కూడా నోటిలెక్కతో పోకూడదు.

ఆపద వచ్చినప్పుడు వెళ్లే మనవాళ్లు ఊళ్లోనే ఆగకుండా చివరి పేట దాకా నడవాలి. ఇంటింటికీ పేర్లు రాయాలి: కూలీలు, ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, కాగితాలు లేనివాళ్లు. ఆ జాబితాను అధికారులకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. సాయం ఒక దానమే కాదు, పౌరుడిగా అతని హక్కు కూడా. మనం పది రోజుల అన్నం పెట్టగలం. ఏళ్ల తరబడి నిలిచే ఇల్లు, పని ప్రభుత్వం నుంచి రాబట్టాలి. మనలో చదువుకున్న పిల్లలున్నారు. ఒక అర్జీ రాసిపెట్టడం, రేషన్ కార్డు మళ్లీ తెప్పించడం, పోయినవారి ధ్రువపత్రం తెచ్చిపెట్టడం. ఇవి బియ్యం సంచి కంటే ఎక్కువ కాలం ఉపయోగపడతాయి.

మన చేతిలో ఉన్నది కొంచెమే. ఆ రోగి భిక్షువు దగ్గర బుద్ధుడి చేతిలో ఉన్నది కూడా ఒక కుండెడు నీళ్లే. ఆ నీళ్లు పోసిన చేతిని చూసే మనం శరణం అన్నాం. వచ్చే పున్నమికి మీ ఇంటి నుంచి ఆ పిడికెడు బియ్యం విహారానికి చేరాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.